వాడిన ఫర్నిచర్, ఇంటి సామాన్లు అవసరమైనవారికి ఇవ్వడం ఎలా?

ఇల్లు మారుతున్నప్పుడో, కొత్త సోఫా కొన్నప్పుడో పాతది ఎవరికైనా ఇచ్చేద్దాం అనుకుంటాం. ఇచ్చేది చేరిన రోజు నుంచే పనికొచ్చేలా ఉండాలి. లేదంటే దాన్ని వదిలించుకునే బాధ్యత తీసుకున్నవాళ్ల నెత్తిన పడుతుంది.

ముందు అడగండి. ఆశ్రమమైనా, సేవాసంస్థైనా, తెలిసిన కుటుంబమైనా సరే, ఏం కావాలో, ఏవి తీసుకోరో కనుక్కోండి. వాడిన పరుపులు చాలాచోట్ల వద్దంటారు. ఫోటోలు పంపేటప్పుడు గీతలు, మరకలు దగ్గర నుంచి తీయండి, దాచొద్దు. పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి చెప్పండి. మీ హాల్లో ఇమిడిన సోఫా వాళ్ల గుమ్మంలో పట్టకపోవచ్చు. రవాణా ఖర్చు ఎవరిదో, పై అంతస్తు నుంచి దింపేదెవరో కూడా అప్పుడే తేల్చుకోండి.

తర్వాత నల్లుల సంగతి. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. టార్చి వేసి పరుపు అంచు కుట్లు, సోఫా కుషన్ల మధ్య సందులు, మంచం జాయింట్లు, మేకుల రంధ్రాలు వెతకండి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు, లేత గోధుమరంగు పొట్టు, తెల్లటి చిన్న గుడ్లు కనిపిస్తే నల్లులున్నట్టే. తిండి లేకుండా ఇవి నెలల తరబడి బతుకుతాయి కాబట్టి గోడౌన్‌లో పడేసినంత మాత్రాన పోవు. అనుమానం ఉంటే ఇవ్వకండి. చెక్క కింద సన్నటి పొడి రాలుతోందా, తడితే డొల్ల శబ్దం వస్తోందా అని కూడా చూడండి. అది పురుగు తొలిచిన చెక్క కావచ్చు.

కరెంటు వస్తువులను ఒకసారి నడిపి చూడండి. వైరు చిట్లితే మార్పించాకే ఇవ్వండి. ఫ్రిజ్‌ను ముందు రోజే ఆపి, మంచు కరిగించి, తలుపు తెరిచి ఆరనివ్వండి. నిలబెట్టే తీసుకెళ్లాలి. తప్పనిసరై పడుకోబెడితే, చేరాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే స్విచ్ వేయమని చెప్పండి. కంప్రెసర్‌లోని ఆయిల్ గొట్టాల్లోకి పారి ఉంటుంది, అది వెనక్కి దిగాలి.

మంచం విప్పితే బోల్టులు, నట్లు ఒక కవర్లో వేసి, ఆ మంచానికే టేపుతో గట్టిగా అతికించండి. బోల్టులు పోయిన మంచం వంటచెరుకుతో సమానం. సొరుగులు పూర్తిగా బయటికి లాగి చూడండి. బ్యాంకు కాగితాలు, తాళంచెవులు వెనక పడిపోయి ఉంటాయి.

జాయింట్లు వదులై ఊగిపోయే పిల్లల మంచం, యాక్సిడెంటైన కారులోని చిన్నపిల్లల సీటు, సేఫ్టీ వాల్వ్ పాడైన కుక్కర్ ఉచితంగా కూడా ఇవ్వకూడదు.

అప్పగించేటప్పుడు పుచ్చుకునేవారితో ఫోటోలు దిగకండి. వద్దన్న వస్తువును బతిమాలి అంటగట్టకండి. విరిగిన ఇనుము, ప్లాస్టిక్ పాత సామాన్లవాళ్లకు వేసేయండి.