డీబీఏ ఆర్మీ లిస్ట్‌లో ఆ చిన్న అంకె సంగతి

డీబీఏ, అంటే చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద ఆడే ప్రాచీన యుద్ధాల ఆట, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు బొమ్మలు కొనేముందు ఇది ఒక్కసారి చూస్కోండి. పాలిబియన్ రోమన్ లిస్ట్‌లో, అదే క్రీ.పూ. 275-105 నాటి సైన్యం, హస్తాతీ ప్రిన్సిపెస్ (ముందు వరసల కత్తి సైనికులు) దగ్గర 6×4బ్లేడ్ అన్నట్టు ఉంటుంది, బ్లేడ్ అంటే కత్తి పదాతి, అందులో 6 అంటే ఎలిమెంట్లు, అంటే బొమ్మలు అతికించిన బేస్‌లు, 4 అంటే ఒక్కో బేస్ మీద అతికించే బొమ్మలు, అంతేగానీ 24 ఎలిమెంట్లు కాదు. నేను మొదట్లో ఇక్కడే తికమకపడి రెండు ప్యాకెట్లు ఎక్కువ కొనేశా. ఇంకోటి, జనరల్ కూడా సైన్యంలో ఉండే 12 ఎలిమెంట్లలోనే లెక్క, పదమూడోది కాదు. పక్కన కాగితం పెట్టుకుని కూడండి: అశ్వికులు 2, బ్లేడ్లు 6, ఈటెల ట్రియారీ 2, వెలీటెస్ (తేలికపాటి సైనికులు) 2, సరిగ్గా 12 వస్తుంది. బేస్‌కి అశ్వికులు 3, బ్లేడ్లు, ట్రియారీ 4, వెలీటెస్ 2 చొప్పున బొమ్మలైతే 42 చాలు. అంకెలు తేలాకే వేరే ఆప్షన్లు, మిత్రసైన్యాల జోలికెళ్ళండి, లేదంటే బుర్ర వేడెక్కిపోద్ది.