డాబా మీద స్మార్ట్ టెలిస్కోపు: రాత్రికి ఒక్క బొమ్మ చాలు

కొన్న మొదటి నెల నేను ఒక్కో రాత్రి ఎనిమిది తొమ్మిది చోట్లకి టెలిస్కోపు తిప్పేవాణ్ణి, ఒక్కోదానికి మూడేసి నిమిషాలు. నెల తిరిగేసరికి ఫోన్ నిండా బొమ్మలే కానీ పిలిచి ఎవరికైనా చూపించాలనిపించేది ఒక్కటీ లేదు. తర్వాత జనవరిలో ఒక రాత్రి ఇంట్లో పని ఉండి, దాన్ని ఓరియన్ నెబ్యులా (నెబ్యులా అంటే నక్షత్రాల మధ్య ఉండే వాయువు, ధూళి మేఘం) మీద పెట్టేసి కిందికి వెళ్లిపోయాను. గంటంపావు తర్వాత పైకొచ్చి స్క్రీన్ చూస్తే రెండు రెక్కలు విప్పుకుని గులాబీ రంగులో ఒక మేఘం. హైదరాబాద్ మధ్యలో, చుట్టూ వీధి దీపాలు వెలుగుతుండగా! అప్పటినుంచి నా పద్ధతి ఒకటే, కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి చెప్పేదీ అదే: రాత్రికి ఒక్క వస్తువు పట్టుకోండి, దాని మీదే ఉండండి.

నా దగ్గరున్నది సీస్టార్ ఎస్50. లెన్స్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 250 మిల్లీమీటర్లు, బరువు రెండున్నర కిలోలు. కెమెరా, మోటార్లు, బ్యాటరీ, ఫిల్టర్లు, మంచు పట్టకుండా లెన్స్‌ని వెచ్చబెట్టే హీటర్ అన్నీ ఆ డబ్బాలోనే ఉంటాయి. కన్ను పెట్టి చూసే ఐపీస్ ఉండదు, చూడటమంతా ఫోన్‌లోనే. ఎస్30, డ్వార్ఫ్ 3 లాంటివి ఇంకా చిన్నవి, ఆకాశంలో ఇంకాస్త ఎక్కువ మేర చూపిస్తాయి, కానీ పనిచేసే తీరు దాదాపు ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికీ సరిపోతుంది.

లోపల జరిగేది ఇది. టెలిస్కోపు ముందుగా ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, అందులో నక్షత్రాలు ఏ ఆకారంలో పడ్డాయో తన దగ్గరున్న నక్షత్రాల పట్టీతో పోల్చుకుని, తను ఎటు చూస్తోందో తెలుసుకుంటుంది. మీరు అడిగిన వస్తువు దగ్గరికి తనే తిరుగుతుంది. తర్వాత 10 సెకన్లకొక ఫొటో చొప్పున తీస్తూ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. ఒక్కో ఫ్రేములో గరుకుగా కనిపించే నాయిస్ ప్రతిసారీ వేరే చోట పడుతుంది, నెబ్యులా మాత్రం ఎప్పుడూ అక్కడే ఉంటుంది, అందుకే పేర్చేకొద్దీ నాయిస్ సన్నబడి బొమ్మ నిలబడుతుంది. అయితే లెక్క గుర్తుంచుకోండి, బొమ్మ రెండింతలు శుభ్రపడాలంటే నాలుగింతల సమయం పెట్టాలి. మూడు నిమిషాల బొమ్మకీ గంట బొమ్మకీ అంత తేడా ఎందుకో ఇందులోనే ఉంది.

రాత్రి ఎంచుకోవడానికి ప్రత్యేకంగా యాప్ ఏమీ అక్కర్లేదు, గోడ మీద తెలుగు క్యాలెండర్ చాలు. బహుళ అష్టమి నుంచి అమావాస్య దాటి శుద్ధ పంచమి వరకు మీవే. బహుళ అష్టమినాడు చంద్రుడు అర్ధరాత్రికి గానీ రాడు, శుద్ధ పంచమినాడు పది గంటల ప్రాంతంలో అస్తమిస్తాడు, కాబట్టి ఈ రోజుల్లో కనీసం కొన్ని గంటలైనా నల్లటి ఆకాశం దొరుకుతుంది. పున్నమి చుట్టుపక్కల గెలాక్సీల జోలికి వెళ్లొద్దు. ఇక మన దగ్గర జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులే కాబట్టి అసలు సీజన్ దసరా దాటాకే మొదలవుతుంది, నవంబర్ నుంచి మార్చి వరకు బంగారం.

ఇప్పుడు చోటు. డాబా మీద నీళ్ల ట్యాంకుకి, మోటారు పైపుకి దూరంగా పెట్టండి. ఎవరో మోటారు వేస్తే స్లాబు అదిరి నక్షత్రాలు గుడ్ల ఆకారంలో సాగిపోవడం నేను చూశాను, కారణం తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. పిట్టగోడ మీద పెట్టాలనిపిస్తుంది, ఎత్తుగా ఉంటుంది కదా అని, కానీ చేయి తగిలితే అంతే సంగతులు. కింద నేల మీదే పెట్టి, పిట్టగోడ అడ్డం రాని మూల చూసుకోండి. పగలంతా ఎండకి కాగిన స్లాబు సాయంత్రం వేడి వదులుతూ ఉంటుంది కాబట్టి ఎండాకాలంలో చీకటి పడగానే కాకుండా తొమ్మిది దాటాక మొదలుపెడితే నక్షత్రాలు కుదురుగా వస్తాయి.

తర్వాత పని లెవెలింగ్, అంటే టెలిస్కోపు నిటారుగా ఉందో లేదో సరిచూడటం. యాప్‌లో ఒక వలయం, దానిలో కదిలే చుక్క కనిపిస్తాయి, ట్రైపాడ్ కాళ్లు సర్దుతూ ఆ చుక్కని సరిగ్గా మధ్యకి తేవాలి. ఈ రెండు నిమిషాలూ ఓపిక పట్టండి. ఇక్కడ వంకరగా వదిలేస్తే తర్వాత వస్తువు కోసం వెతుక్కుంటూ తిరుగుతుంది, ఫ్రేములు పారేస్తుంది, మీరేమో మిషన్ పాడైందని టెన్షన్ పడతారు. దిక్సూచి కాలిబ్రేషన్ అడిగితే అది కూడా చేయండి, స్లాబులో ఇనుప చువ్వలు ఉంటాయి కాబట్టి అది కాస్త తికమక పడుతుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉండాలి. మొదట టెలిస్కోపు సొంత వైఫైకి కలుపుతారు, ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ఇంటి వైఫైకి కలిపేస్తే మీరు కింద హాల్లో కూర్చునీ చూసుకోవచ్చు. అక్కడే ప్రతి ఫ్రేమునీ విడిగా దాచమనే ఆప్షన్ ఉంటుంది, మొదటి రోజే ఆన్ చేయండి. అది ఆఫ్‌లో ఉండిపోయిన రాత్రుల డేటాని నేనిప్పుడు మళ్లీ శుభ్రం చేసుకోలేకపోతున్నాను, ఆ బాధ మీకొద్దు.

మొదటి వస్తువుగా ఓరియన్ నెబ్యులానే తీసుకోండి, ఎం42 అని వెతికితే వస్తుంది. జనవరి మధ్యలో రాత్రి ఎనిమిదింటికి ఆగ్నేయం వైపు చూస్తే వరసగా మూడు నక్షత్రాలు కనిపిస్తాయి, ఓరియన్ నడికట్టు అంటే అవే, వాటి కిందగా మసకగా ఉన్న చోటే అది. యాప్‌లో పేరు నొక్కితే టెలిస్కోపు తనే అటు తిరుగుతుంది. ఆటో ఫోకస్ ఒకసారి నొక్కండి, నక్షత్రాలు పిన్ను మొనల్లా అవుతాయి. అప్పుడు ఫొటో మొదలుపెట్టండి. మొదటి 10 సెకన్ల ఫ్రేములో బూడిద రంగు మరక ఉంటుంది, చుట్టూ ఇసుక చల్లినట్టు గరుకు. ఐదు నిమిషాలకి మరకకి అంచులు వస్తాయి. పది నిమిషాలకి నడిమి వెలుగులోకి ఒక నల్లటి పాయ చొచ్చుకొచ్చినట్టు కనిపిస్తుంది, అది ధూళి. అరగంటకి రెక్కలు పక్కలకి సాగుతాయి. గంట దాటాక అప్పటిదాకా నల్లగా ఉన్న ఆకాశంలో పల్చటి ఎర్రటి పొర ఒకటి బయటపడుతుంది, నాకైతే ఆ పొర కోసమే కూర్చోవాలనిపిస్తుంది. ఆ వెలుగు అక్కడ బయల్దేరి 1,300 ఏళ్లు దాటింది.

ఫిల్టర్ గురించి కాస్త చెప్పాలి, చాలామంది దీన్ని ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచేస్తారు. ఎస్50లో ఉన్న లైట్ పొల్యూషన్ ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపునీ, ఆక్సిజన్ నీలిపచ్చనీ మాత్రమే లోపలికి రానిచ్చి మిగతా వెలుతురుని ఆపేస్తుంది. ఓరియన్, రోజెట్, లగూన్ లాంటి నెబ్యులాలు ఆ రంగుల్లోనే వెలుగుతాయి కాబట్టి ఊరి మధ్యలో కూడా అద్భుతంగా వస్తాయి. గెలాక్సీలూ నక్షత్రాల గుంపులూ అలా కాదు, అన్ని రంగుల్లోనూ వెలుగుతాయి, వాటికి ఫిల్టర్ పెడితే వాటి వెలుగునే మీరు కోసేసినట్టు. అందుకని నేను ఊళ్లో ఉన్నప్పుడు నెబ్యులాలు తీస్తాను, గెలాక్సీలని వికారాబాద్ వైపో మా ఊరి పొలానికో వెళ్లే రోజు కోసం దాచుకుంటాను.

కృత్తికల దగ్గర అందరికీ ఒక చిక్కు వస్తుంది. మా అమ్మమ్మ వాటిని పిల్లలకోడి అనేది. హైదరాబాద్ నుంచి చూస్తే అవి దాదాపు నడినెత్తి మీదుగా వెళతాయి. ఈ టెలిస్కోపులు మామూలుగా పైకీ కిందికీ, పక్కలకీ మాత్రమే తిరుగుతాయి, ఆకాశమేమో ధ్రువం చుట్టూ తిరుగుతుంది, దాంతో ఫ్రేము ఫ్రేముకీ బొమ్మ మెల్లగా గుండ్రంగా తిరిగిపోతుంది. నడినెత్తి దగ్గర ఈ తిప్పుడు మరీ ఎక్కువ, ఫ్రేములు వరసగా రద్దవుతాయి. సరిగ్గా తూర్పునో పడమరనో ఉన్నప్పుడు ఇది దాదాపు ఉండదు. కాబట్టి కృత్తికలని తూర్పున 30 నుంచి 65 డిగ్రీల ఎత్తులో ఉండగానే పట్టుకోండి, నెత్తి మీదికి రాగానే ఆపేయండి.

దీనికి ఇంకో మందు ఈక్యూ మోడ్, టెలిస్కోపుని ధ్రువం వైపు వంచి పెట్టడం. అయితే వీడియోల్లో చూపించేవాళ్లు ఎక్కువగా 40, 50 డిగ్రీల అక్షాంశాల్లో ఉంటారు. మనకి ధ్రువం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి మన దగ్గర టెలిస్కోపు దాదాపు పడుకున్నంతగా వంగుతుంది, బరువంతా ఉత్తరం వైపు వేలాడుతుంది. ట్రైపాడ్ కాలు ఒకటి తప్పనిసరిగా ఉత్తరానికి పెట్టండి, లేకపోతే బోర్లా పడుతుంది. మొదటి రెండు నెలలు ఈక్యూ మోడ్ లేకుండా గడిపేయమనే నా సలహా.

గ్రహాల మీద ఆశ పెట్టుకోవద్దు. గురుగ్రహం ఈ కెమెరాలో సుమారు 20 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది, అంతే, చుట్టూ చంద్రుళ్లు చుక్కల్లా వస్తారు. శని కూడా అంతే. చంద్రుడు మాత్రం ఫ్రేములో చక్కగా ఇముడుతాడు, పున్నమినాడు కాకుండా శుద్ధ సప్తమి, అష్టమి రోజుల్లో తీయండి, వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంతల నీడలు పొడుగ్గా పడి లోతు తెలుస్తుంది. సూర్యుణ్ణి తీసే ముందు సోలార్ ఫిల్టర్ లెన్స్‌కి బిగించి, ఒకసారి కదిపి చూసి, ఆ తర్వాతే అటు తిప్పండి. ఈ వరస తప్పితే కెమెరా కాలిపోతుంది. పిల్లలు పక్కన ఉన్నప్పుడు నేనిది రెండుసార్లు సరిచూసుకుంటాను.

తెల్లారాక ప్రాసెసింగ్. యాప్‌లోనే వెలుగు, కాంట్రాస్ట్ సర్దితే చాలావరకు బాగుంటుంది. ఇంకా బాగా కావాలంటే ఫిట్స్ ఫైళ్లు (టెలిస్కోపు దాచే అసలు ఫొటో ఫైళ్లు) కంప్యూటర్‌లోకి తీసుకుని గ్రాక్స్‌పర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేపథ్యపు వెలుతురు తీసేసి, సిరిల్ అనే ఇంకోదానిలో స్ట్రెచ్ చేయండి, అంటే మసకగా ఉన్నవి కనిపించేలా వెలుగు సాగదీయండి, రెండూ ఉచితమే. విడి ఫ్రేములు దాచుకుని ఉంటే రెండు మూడు రాత్రులవి సిరిల్‌లో కలిపి ఒకే బొమ్మ చేయొచ్చు. ఆకాశం పూర్తిగా నల్లబడేదాకా లాగొద్దు, ఎంతో ఓపికగా పోగేసిన ఆ పల్చటి పొరే ముందు పోతుంది.

చలికాలం అయిపోయిందని టెలిస్కోపు అటక ఎక్కించేయకండి. మే మధ్యలో రాత్రి పది దాటాక దక్షిణాన ఒమెగా సెంటారీ ఉంటుంది, సుమారు కోటి నక్షత్రాల ముద్ద, అరగంట పెడితే చాలు ఉప్పు కుప్పలా వస్తుంది, దీనికి ఫిల్టర్ వద్దు. లండన్‌లో ఉన్న మనవాళ్లకి అది అసలు ఉదయించనే ఉదయించదు, మనకి హైదరాబాద్‌లో 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది, తిరుపతిలో ఇంకాస్త పైకి. మీ డాబాకి దక్షిణం వైపు ఏ బిల్డింగు అడ్డం ఉందో పగలే చూసిపెట్టుకోండి, చేయి చాచి పిడికిలి బిగించి పట్టుకుంటే సుమారు 10 డిగ్రీలు, అలాంటివి రెండున్నర.