ఏ టూల్ కొనాలో మీ చీటీలే చెప్తాయి

కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లి కమీషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. ఏ ఏఐ టూల్ మంచిదని అడిగేవాళ్లకు నేను చెప్పేది, ముందు మీ పనిని రెండు కుప్పలు చేయమని.

రోజూ ఒకేలా జరిగే పని మొదటి కుప్ప. సాయంత్రం సావుకారుకు ఆ రోజు లెక్క మెయిల్ పోవాలి, అంతే కదా? దానికి ఏఐ ఎందుకు? గూగుల్ షీట్స్‌లోనే యాప్స్ స్క్రిప్ట్ ఉంది, చెప్పిన పనిని తనంతట తానే చేసే చిన్న ప్రోగ్రాం అందులో రాసుకోవచ్చు, ఉచితం. నాలుగైదు యాప్‌లను కలపాలంటే జాపియర్, ఎన్‌ఎయిట్‌ఎన్ (n8n) లాంటివి చూడండి. అయితే బిల్లు లెక్క వేరు. జాపియర్‌లో ట్రిగ్గర్ (అంటే పనిని మొదలుపెట్టే సంఘటన) తర్వాత జరిగే దాదాపు ప్రతి పనీ ఒక టాస్క్‌గా లెక్క. ఎన్‌ఎయిట్‌ఎన్ క్లౌడ్‌లో మొత్తం ఒకసారి నడిస్తే ఒకటే లెక్క. రోజుకు 50 లోడ్లు, లోడుకు నాలుగు పనులు అనుకోండి: జాపియర్‌లో 200, ఎన్‌ఎయిట్‌ఎన్‌లో 50.

చేతిరాత చీటీలు, వాయిస్ మెసేజ్‌లు రెండో కుప్ప. ఇక్కడ ఏఐ నిజంగా పనికొస్తుంది, కానీ నన్ను ఒకసారి ముంచింది. తూకం చీటీ ఫోటో పెడితే 47 బస్తాలను 41 అని చదివింది. మన హమాలీ ఏడు ఒకటిలాగే ఉంటుంది లెండి! రైతు ఎదురుగా నిలబడి అడుగుతుంటే తలెత్తలేకపోయాను. అప్పటినుంచి బస్తాలను, మొత్తం బరువును విడిగా చదివించి, రెండూ పొంతన కుదరకపోతే ఎర్రరంగు పడేలా పెట్టాను.

డబ్బు కట్టేముందు మీ దగ్గరున్న గజిబిజి రాత ఉన్న 20 చీటీలతో పరీక్షించండి. ఆధార్, బ్యాంకు నంబర్లు మాత్రం చెరిపేసి పెట్టండి.