గుడ్డబొమ్మ మెడ వాలిపోతోందా?

కోనసీమలో గుడ్డబొమ్మలు కుట్టేవాళ్ళకి సగం తంటా వానలతో, సగం తంటా తొందరతో. బాగుచెయ్యమని నా దగ్గరికొచ్చిన బొమ్మల్లో, నేను పాడుచేసుకున్నవాటిలో తరచూ కనబడే జబ్బులివి.

తల వాలిపోతోంది

కుట్టిన రోజు నిటారుగానే ఉంటుంది. వారం తిరిగేసరికి నిద్రొస్తున్న పిల్లాడిలా తల భుజం మీదకి వాల్చేస్తుంది. తల బరువైందని చాలామంది అందులో దూది తీసేస్తారు. తప్పు తలది కాదు, మెడది. ముందు తల నింపేసి, తర్వాత పిడికెడు దూది మొండెంలోకి కూరేస్తాం. ఆ రెండు ఉండల మధ్య, సరిగ్గా మెడ దగ్గర, సందు మిగిలిపోతుంది.

వీపు కుట్టు రెండంగుళాలు విప్పండి. గోరంత దూది ముక్కల్ని పెన్సిలు మొద్దువైపుతో మెడలోకి తొయ్యండి. కొబ్బరి ఈనె వద్దు, వంగిపోతుంది. దూది సగం తలలోకి, సగం మొండెంలోకి దిగాలి. బొటనవేలితో నొక్కితే మెడ మడత పడకూడదు. అప్పటికీ వాలితే మెడే సన్నమన్నమాట. తల వెడల్పులో మూడో వంతైనా ఉండాలని నా లెక్క. లోపల పుల్ల పెట్టేవాళ్ళున్నారు. బొమ్మల కొలువుకైతే సరే, పిల్లలు పక్కలో వేసుకు పడుకునే బొమ్మకి మాత్రం వద్దు.

బొమ్మ ఎవరో తెలియట్లేదు

కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే తాతని కుట్టాను. పంచె, తలపాగా, మీసం, భుజాన తువ్వాలు, చెవి వెనక చుట్ట. చూసినావిడ “పెళ్ళిపెద్దాండీ?” అంది. ఏడుపొక్కటే తక్కువ నాకు.

అలంకారాలు ఎక్కువై ఆకారం లేకపోతే ఇలాగే అవుతుంది. కాగితం మీద బొమ్మ గీసి, లోపలంతా నల్లగా పులిమెయ్యండి. ఆ నీడ చూసి గుర్తుపట్టగలగాలి. నా తాత నీడ ఏ పెద్దమనిషి నీడైనా కావచ్చు! తలపాగా, పంచె ఉంచి మిగతావన్నీ పీకేశాను. చేతులు పొడుగు చేసి, మోకాళ్ళు బయటికి వంచి, నడుముకి గుడ్డ కత్తి దోపాను. మళ్ళీ ఎవరూ అడగలేదు.

కళ్ళు కూడా అంతే. ముఖం సగానికి కిందగా, ఎడంగా పెడితే పసిముఖం. పైకి జరిపితే వయసు పెరుగుతుంది. ముందు గుండుసూదులు గుచ్చి, జరిపి చూసుకోండి. కుట్టేముందు సూదులన్నీ లెక్కపెట్టి తియ్యండి. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మకి గుండీ కళ్ళు వద్దు, దారంతో కుట్టండి.

మచ్చలు, ముక్కవాసన

జూన్ నుంచి తుఫాన్ల కాలం దాటేదాకా ఇదే గోల. చేనేత గుడ్డ నేసేముందు పడుగుకి గంజి పెడతారు. బండారులంక నుంచి తెచ్చిన ముక్కని అలాగే కత్తిరించి కుట్టేస్తే ఆ గంజి బూజుకి విందు. కత్తెర పెట్టకముందే గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, జిగురు పోయేదాకా పిండండి. కుదించుకునేదుంటే అప్పుడే కుదించుకుంటుంది, దిగే రంగూ అప్పుడే దిగుతుంది. ఎర్ర చొక్కా తడిసి తెల్ల ముఖం గులాబీ అయిందని తర్వాత ఏడవక్కర్లేదు.

దూది ఎండలో పెళపెళలాడాకే నింపండి. బూరుగు దూది తేలిక, నీళ్ళు పీల్చదు. కానీ ఉతికితే చితికిపోతుంది, ముక్కులోకి ఎగురుతుంది, మూతికి గుడ్డ కట్టుకోవాలి. ఉతకాల్సిన బొమ్మకి పాలిస్టర్ దూదే మేలు.

బూజు పట్టేసిందా? తడిగుడ్డతో తుడవకండి, ఇంకా పాకుతుంది. ఆరుబయట ఎండలో పొడి బ్రష్‌తో దులపండి. వాసన పోకపోతే లోపలి దూది పారేసి, గుడ్డ ఉతికి ఆరబెట్టి మళ్ళీ నింపండి.

కుట్టు విచ్చుకోవడం, జుట్టు ఊడడం

పల్చటి గుడ్డ అయితే వెనక పేస్టింగ్ (ఇస్త్రీ చేస్తే అంటుకునే గుడ్డ) అంటించి, అంచున పావంగుళం వదిలి, మిషన్ కుట్టు చిన్నది పెట్టి రెండుసార్లు వెయ్యండి. నరసాపురం లేసు దారంతో జుట్టు పెడితే జారుతుంది. ఒక్కో పాయనీ గుడ్డ లోపలివైపు ముడెయ్యాలి, అదీ తల నింపకముందే.