డిగ్రీ చేతికొచ్చాక అప్రెంటిస్‌షిప్‌కు సంతకం చేసే ముందు: ఒడిశాలోని రాయగడ, కోరాపుట్ ప్రాంత తెలుగు విద్యార్థులకు జాగ్రత్తలు

దమన్‌జోడిలోని నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారమో, సునాబెడలోని హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారమో అప్రెంటిస్‌లను పిలిచిందని తెలియగానే దరఖాస్తు పంపకండి. ముందుగా ప్రకటనలో శిక్షణ కాలం, స్టయిపెండు, వసతి గురించి ఏమి రాశారో పూర్తిగా చదవండి.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం మీరు అక్కడ శిక్షణార్థులే గాని ఉద్యోగులు కారు. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు కనుక, ఆ తరువాతి దారి ఏమిటో ఇంట్లో పెద్దలతో ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది. ఒప్పందం ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైందో లేదో స్వయంగా చూసుకోండి. శిక్షణకు ముందే రుసుము అడిగే మధ్యవర్తికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు.

అన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది భాష విషయం. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు సాధారణంగా ఏడో తరగతి స్థాయి ఒడియా ఉత్తీర్ణత అడుగుతారు. ఇంట్లో తెలుగు, కళాశాలలో ఇంగ్లీషు చదివి, బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడే మన పిల్లలు ఆ పత్రం లేక ఆగిపోకూడదు, కాబట్టి ఆ పరీక్ష ముందే రాయండి.

ఆంధ్రప్రదేశ్ వైపు చూసేవారు స్థానికత నిబంధనలను, అక్కడ తమ కుల ధ్రువపత్రం చెల్లుతుందో లేదో విచారించుకోవాలి. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాష్ట్రానికొకటి.