ఎండలు ముదిరేలోపు వాటర్ కూల్డ్ పీసీలో చూసుకోవాల్సిన ఉష్ణోగ్రతలు

వాటర్ కూలింగ్ ఉంది కదా, ఎండలు మనల్నేం చేస్తాయిలే అనుకోవద్దు. లోపల తిరిగే నీళ్ల వేడిని గాలికి వదిలే రేడియేటర్ ఎంత పెద్దదైనా వాటిని గది గాలి కన్నా చల్లగా చేయలేదు. గది 24 డిగ్రీల నుంచి 36కి పోతే కూలెంటూ (లోపల తిరిగే నీళ్లు) దాదాపు 12 డిగ్రీలు పెరుగుతుంది, దాంతోపాటే ప్రాసెసరూ (సీపీయూ) గ్రాఫిక్స్ కార్డూ (జీపీయూ) పెరుగుతాయి. చలికాలంలో 74 దగ్గర నిలిచిన సీపీయూ ఇప్పుడు 86 చూపిస్తే అది సహజం. గది వేడి మారకుండానే 86కి పోయిందంటే మాత్రం ఎక్కడో తేడా వచ్చింది. ఈ రెండూ వేరుచేసి చెప్పాలంటే సీపీయూ అంకె ఒక్కటే చాలదు. గది, కూలెంట్, చిప్ మూడూ పక్కపక్కన కనబడాలి.

గదికి మామూలు డిజిటల్ థర్మామీటర్ సరిపోతుంది. కేసులోకి గాలి పోయే వైపు పెట్టండి, బయటికొచ్చే వేడి గాలి దానికి తగలకూడదు. కూలెంట్ సంగతికొస్తే, ఏఐవో (పంపు, రేడియేటర్, గొట్టాలు అన్నీ కలిసి సిద్ధంగా వచ్చే) కూలర్లలో చాలా మోడళ్లు తమ సాఫ్ట్‌వేర్‌లోనే నీటి వేడిని చూపిస్తాయి. కస్టమ్ లూప్ (విడివిడి భాగాలతో మీరే అమర్చుకున్నది) అయితే జీ1/4 సైజు మరలున్న 10కే థర్మిస్టర్ ప్రోబ్‌ను (వేడి కొలిచే సెన్సర్‌ను) ఖాళీగా ఉన్న పోర్టుకి బిగించి, దాని రెండు పిన్నుల వైరును మదర్‌బోర్డు మీది ఉష్ణోగ్రత హెడర్‌కి (వైరు తగిలించే పిన్నులకి) పెట్టాలి. ఏ పిన్ను ఎటున్నా ఫర్వాలేదు. హెడర్ లేని బోర్డుకి విడిగా ఫ్యాన్ కంట్రోలర్ కావాలి.

ప్రోబ్ నిజం చెబుతోందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన పీసీని ఉదయం ఆన్ చేసిన మొదటి నిమిషంలో కూలెంట్ అంకె గది థర్మామీటర్‌కి ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి. నాలుగైదు తేడా ఉంటే ఆ తేడాను సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దండి. మరీ అసంబద్ధంగా ఉంటే థర్మిస్టర్ రకం తప్పయి ఉండొచ్చు, లేదా వైరు సరిగా కూర్చోలేదు. సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో మైనస్ అంకెలో, ఎప్పుడూ కదలని 120లో చూపించే వరుసలు కనబడితే కంగారు పడక్కర్లేదు, అవి చాలావరకు ఏమీ తగిలించని ఖాళీ ఇన్‌పుట్లు.

ఇక అసలు పరీక్ష. సీపీయూ, జీపీయూ రెండింటికీ ఒకేసారి పని పెట్టి కనీసం 30 నిమిషాలు నడపండి. చిప్ వేడి క్షణాల్లో ఎగబాకుతుంది గానీ నీళ్లు నిలకడకి రావడానికి చాలా సమయం పడుతుంది, పది నిమిషాలకే ఆపితే దొంగ ఫలితమే వస్తుంది. చివరి ఐదు నిమిషాల అంకెలు రాసుకోండి. కూలెంట్‌కీ గదికీ మధ్య తేడా 10 నుంచి 15 డిగ్రీలుంటే లూప్ బాగున్నట్టే. 20 దాటితే రేడియేటర్ వేడిని వదలలేకపోతోందని అర్థం: దుమ్ము, నెమ్మదిగా తిరుగుతున్న ఫ్యాన్లు, లేదా వేసిన పనికి రేడియేటర్ చిన్నది కావడం. ఈ తేడా మామూలుగానే ఉండి, చిప్‌కీ కూలెంట్‌కీ మధ్య తేడా పెరిగిందంటే రేడియేటర్ జోలికి పోవద్దు. చిప్‌కీ బ్లాక్‌కీ (చిప్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకి అందించే భాగం) మధ్య రాసే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందో, బ్లాక్ లోపలి సన్నని గాడుల్లో జిగురు పేరుకుందో, ప్రవాహం తగ్గిందో చూడాలి. ఈ రెండో తేడాకి అందరికీ సరిపోయే అంకె లేదు, చిప్‌ని బట్టి మారుతుంది. అందుకే అంతా బాగున్న రోజునే మీ అంకె రాసి పెట్టుకోవాలి.

కూలెంట్ ప్రోబ్‌ని అతిగా నమ్మేవాళ్లు ఇరుక్కునేది పంపు ఆగినప్పుడు. నీళ్లు కదలవు కాబట్టి రిజర్వాయర్‌లోని (నీళ్లు నిల్వ ఉండే తొట్టిలోని) ప్రోబ్ హాయిగా చల్లటి అంకె చూపిస్తూనే ఉంటుంది, బ్లాక్‌లోని కాసిని నీళ్లు మాత్రం మరుగుతున్నంత పనవుతుంది. పంపు ఆర్పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) చూస్తే చాలదా అంటే, చాలదు. గాలి బుడగ ఇరుక్కుని ఖాళీగా తిరిగే పంపు కూడా ఆర్పీఎం చూపిస్తుంది, పైగా మామూలు కన్నా ఎక్కువే. ఫ్లో మీటర్ ఉంటే నిమిషానికి ఒక లీటరు కన్నా తగ్గకుండా చూసుకోండి. లేకపోతే పంపు స్పీడ్ వైరును సీపీయూ ఫ్యాన్ హెడర్‌కి పెట్టి, బయోస్‌లో ఫ్యాన్ ఆగితే హెచ్చరించే సెట్టింగ్ ఆన్ చేయండి. పూర్తి రక్షణ కాదు గానీ, చచ్చిన పంపుతో పీసీని గంటలకొద్దీ నడపకుండా ఆపుతుంది.

రేడియేటర్ ఫ్యాన్లను సీపీయూ వేడికి కట్టొద్దు. ఫైల్ ఒకటి తెరిచినా చిప్ ఎగిరిపడుతుంది, ఫ్యాన్లూ ఊరికే గోల చేస్తాయి. కూలెంట్‌కి కట్టండి: 32 దగ్గర 40 శాతం, 40 దగ్గర 65, 46 దాటితే 100, రెండు డిగ్రీల హిస్టెరిసిస్‌తో (వేడి అంత మారేదాకా ఫ్యాన్ వేగం మారకుండా). గది 36 ఉండే రోజుల్లో నీళ్లు ఎలాగూ 46 దాటుతాయి గనుక ఈ డిగ్రీల అంకెలన్నీ ఓ ఐదు పైకి జరుపుకోవచ్చు. 55 దగ్గర హెచ్చరిక, 58 దగ్గర షట్‌డౌన్ పెట్టుకోండి. ఎక్కువ పంపులకి 60 డిగ్రీలే గరిష్ఠ పరిమితి, ఆ వేడి దగ్గర్లోనే పెట్‌జీ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) గొట్టాలు మెత్తబడి ఫిట్టింగుల్లోంచి జారే ప్రమాదముంది.

దుమ్ము తీసేటప్పుడు ఫ్యాన్లు విప్పండి. బయటి నుంచి శుభ్రంగా కనబడే రేడియేటర్‌కి ఫ్యాన్ వెనకాల చాపలా దుమ్ము పట్టి ఉంటుంది. ఒకవైపు టార్చి వేసి, రెండోవైపు నుంచి వెలుతురు అన్ని చోట్లా సమానంగా వస్తోందా చూడండి. గాలి మామూలుగా పోయే దిక్కుకి ఎదురుగా ఊదాలి. ఫ్యాన్లు విప్పకుండా ఊదితే రెక్కల్ని వేలితో పట్టుకోండి, లేకపోతే అవి విపరీతంగా తిరిగి బేరింగులు పాడవుతాయి.

ఏఐవోకి ఇంకొక్క మాట. ఏళ్లు గడిచేకొద్దీ గొట్టాల గుండా కొంత నీరు ఆవిరై లోపల గాలి చేరుతుంది. ఆ గాలి పంపులోకి రాకుండా, రేడియేటర్ పైభాగం పంపు కన్నా ఎత్తులో ఉండాలి. పంపు దగ్గర గలగల చప్పుడు వస్తుంటే ముందు ఇదే సరిచూసుకోండి.