తెర రూపకల్పన, పరీక్ష – 6వ పాఠం: జవాబు చెప్పేసే ప్రశ్నలు, ఎస్‌యూఎస్ లెక్క

ఈ పాఠం మొత్తాన్ని ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) ప్రశ్నావళికి, అంటే వాడకం ఎంత సులువుగా ఉందో వాడినవారినే అడిగి కొలిచే ప్రశ్నావళికి, కేటాయించాలనుకున్నాను. కానీ మీరు పంపిన నోట్సు చదివాక, 5వ పాఠంలోని చిక్కు విప్పకుండా ముందుకు సాగడం కుదరదని తేలింది. కరెంటు బిల్లు కట్టే యాప్‌ను ఐదుగురి చేత వాడించి, వారు అనుకుంటున్నదంతా పైకి చెబుతుండగా రాసుకోమన్నాను. మీలో చాలామందికి ఒక్క ఇబ్బందీ కనిపించలేదు. అది యాప్ గొప్పతనం కాదు, మీరిచ్చిన పనిలోనే జవాబు ఉంది.

“‘పే బిల్’ నొక్కి, సర్వీస్ నంబరు ఇచ్చి, బిల్లు కట్టండి” అని రాస్తే, ఎదుటివారు తెర మీద ఆ మాటలు ఎక్కడున్నాయో వెతికి నొక్కుతారు, అంతే. దానికి బదులు పాత బిల్లు చేతికిచ్చి, “దీని గడువు రేపటితో అయిపోతుంది, ఫోనులోనే కట్టేయండి” అని ఊరుకోండి. అప్పుడు ఆయన కాగితం తిరగేస్తారు. అందులో మీటరు నంబరు, బిల్లు నంబరు, సర్వీసు నంబరు అన్నీ ఉంటాయి. మీటరు నంబరు కొడతారు, “వివరాలు సరికావు” అన్న ఎర్ర అక్షరాలు వస్తాయి, ఏదో అంకె తప్పు పడిందనుకొని మళ్లీ అదే నంబరు నిదానంగా కొడతారు. ఆ రెండోసారి కొట్టడాన్నే మీరు రాసుకోవాలి. తప్పు అంకెలో కాదు, నంబరు ఎంపికలోనే ఉందని ఆ సందేశం చెప్పలేకపోయింది.

పక్కన కూర్చొని “కింద చూడండి” అనడమూ ఇదే కోవలోకి వస్తుంది. “ఇది నొక్కనా?” అని అడిగితే, “నేను లేకపోతే ఏం చేసేవారు?” అని తిరిగి అడగండి. ఇలాంటి పరీక్షల మీద పరిశోధించిన నీల్సన్, లాండవర్ 1993లో ఇచ్చిన సూత్రం ప్రకారం, ఒక్కొక్కరి దగ్గర 31 శాతం లోపాలు బయటపడతాయనుకుంటే, ఐదుగురితో దాదాపు 85 శాతం తేలుతాయి. జవాబు ముందే అందించేస్తే యాభైమందిని కూర్చోబెట్టినా ఆ లెక్క పనిచేయదు. వీడియో తీయడం నాకు నచ్చదు. కెమెరా ముందు మనుషులు తడబాటును దాచుకుంటారు కనుక పెన్సిలే వాడతాను.

ఇక ఎస్‌యూఎస్. జాన్ బ్రూక్ 1986లో రూపొందించిన ఈ ప్రశ్నావళిలో 10 వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు అంకె వేయాలి. బేసి వాక్యాలు మెప్పు, సరి వాక్యాలు ఫిర్యాదు. బేసి వాక్యపు అంకెలోంచి 1 తీసేయండి, సరి వాక్యపు అంకెను 5లోంచి తీసేయండి, అన్నీ కలిపి 2.5తో హెచ్చించండి. ఉదాహరణకు 70 వస్తే దాన్ని 70 శాతం అనకండి. సాధారణంగా సగటుగా తీసుకునేది 68, అంటే 70 సగటు కంటే కాస్తే ఎక్కువ. చదవకుండా అన్నిటికీ 5 పెట్టినవారికి 50 వస్తుంది, అన్నిటికీ 3 పెట్టినవారికీ 50 వస్తుంది. అందుకే మొత్తం ఒక్కటే చూడకుండా విడి అంకెలనూ చూడండి.

అభ్యాసం: అదే యాప్‌కు తెర మీది మాట ఒక్కటైనా రాకుండా మూడు పనులు రాయండి. ఆ యాప్ ఎన్నడూ తెరవని ఐదుగురితో, వారిలో ఇద్దరైనా అరవై దాటినవారు ఉండేలా, పరీక్ష మళ్లీ జరపండి. చివరన ఎస్‌యూఎస్ నింపించి, లెక్కతోపాటు నింపిన కాగితాలనూ పంపండి.